రెండో పంపు

నరసాపురంలో, ఏటిగట్టుకి రెండు వీధుల ఇవతల
ఇంటికింద గది తవ్విస్తానన్న మావగారిని
ఆనాడే అడిగాట్ట తాపీమేస్త్రి గంగులు:
"ఇక్కడ గునపం దించితే
గోదారి పలకరిస్తదండి, పర్లేదా?"
పర్లేదన్నారు మావగారు.
ఆ పర్లేదుకి పంతొమ్మిదేళ్ళు.
కరెంటు బిల్లు నేను కడుతున్నాను.

సెల్లార్లో లేసు ఉంటుంది.
చుట్టూ పదకొండు ఊళ్ళ ఆడవాళ్ళు
కొక్కెం సూదితో అల్లిన బల్లగుడ్డలు, పిల్లల టోపీలు.
తెల్లటివి. తెల్లగానే ఉండాల్సినవి.
మూల ఓ గుంట, గుంటలో పంపు,
పక్కన తేలే నల్లటి బంతి.
నీరు లేస్తే అది లేస్తుంది,
అది లేస్తే పంపు మేలుకుంటుంది,
కరెంటున్నంతసేపూ.

కిందటి కార్తీకంలో వాయుగుండం.
తెల్లారేసరికి కింది మూడు మెట్లు కనిపించలేదు.
టోపీలు గుర్రపుడెక్కలా గుంపుకట్టి తేలాయి.
కొప్పాడి సత్యవేణి వచ్చి
తను అల్లినదాన్ని గుర్తుపట్టి, నీళ్ళలోంచి తీసి, పిండి
ఏమీ అనలేదు. డబ్బు సంగతి కూడా.
అందుకే ఈ బేరాలు.

ఒకడు ఇన్వర్టరన్నాడు.
రెండు పెద్ద బ్యాటరీలు, నాలుగ్గంటల భరోసా.
అయిదో గంటకి? అన్నాను.
"ఈలోపు కరెంటొచ్చేస్తదండి" అన్నాడు
ఈ ఊరివాడు కానట్టు.

భీమవరం నుంచి ఆడపడుచు మొగుడు
డీజిలింజను ఫోటో పంపాడు,
రొయ్యల చెరువు మీద పాతబడ్డది, చవక.
అర్ధరాత్రి దాని హ్యాండిలు తిప్పేదెవరు?
పొగ ఎటు పోతుంది?
చెరువు మీద ఆకాశం ఉంటుంది.
సెల్లారు మీద నా పడగ్గది ఉంది.

కుళాయి నీటి ఒత్తిడితో నడిచేదొకటి ఉందట.
కరెంటక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు,
నీటిని నీరే తోడిపోస్తుందట.
ఎంత నచ్చిందో.
మా మునిసిపాలిటీ కుళాయి ఆరింటికొచ్చి
ఏడింటికి గొంతు సవరించుకుని వెళ్ళిపోతుంది.
వరదని ఆ గంటలోనే రమ్మనాలి.

చివరికి బళ్ళ ఏసుపాదం వచ్చాడు,
పడవల మోటార్లు బాగుచేసేవాడు.
ధర చెప్పలేదు. చెప్పులు విప్పి మెట్లు దిగి
గుంట పక్కన గొంతుక్కూర్చుని
పంపు ఆగేదాకా విన్నాడు.
ఆగాక కూడా విన్నాడు.
గొట్టంలోంచి గుడగుడమని ఏదో కిందికి దిగింది.
"అమ్మా, దీనికి వాల్వు లేదు.
పైపులో ఉన్నదంతా మళ్ళీ గుంటలోకే.
పోటు వేళ మురుక్కాలవలోది కూడా."

పంతొమ్మిదేళ్ళు
తోడిన నీళ్ళనే తోడాం.

ముందు వాల్వు వేశాడు.
తర్వాత రెండో పంపు. చిన్నది.
దాని బ్యాటరీ దానిదే, దాని బంతి దానిదే,
మొదటిదానికంటే జానెడు ఎత్తున.
"పెద్దోడు పడితేనే చిన్నోడు లేస్తాడు.
ఇద్దర్నీ ఒకే తీగకి కట్టకండి."
ఇంకో బెత్తెడు పైన గంట,
ఇద్దరూ పడితే నేను లేవడానికి.
బ్యాటరీ అయిదో మెట్టు పక్క గూట్లో.
ఖరీదు ఇన్వర్టరుకంటే ఎక్కువే.
గాజుల సంగతి ఇక్కడ రాయను.

ఆ రాత్రి మెయిన్ మేమే తీసేశాం.
టార్చి ఆర్పి మెట్ల మీద కూర్చున్నాం, నేనూ మావగారూ.
ఊట చప్పుడు ఇన్నేళ్ళలో మొదటిసారి విన్నాను,
పక్కగదిలో ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు.
పెద్ద బంతి లేచే ఉంటుంది. ఏమీ కాలేదు.
చీకట్లో నీరు జానెడు నడిచింది.
మావగారి చెయ్యి గోడని వెతుక్కుంది.
అప్పుడు చిన్నది దగ్గింది.

"పర్లేదు" అన్నారాయన.
మర్నాడు, బ్యాటరీలో నీళ్ళు పోయాల్సిన తారీఖు
సుద్దముక్కతో గోడ మీద రాయించాను, ఆయన చేతే.

ఇక వాయుగుండం రానీ అని మాత్రం అనను.
ఈ ఊళ్ళో అలా అనకూడదు.
పాత బకెట్లు కూడా తలుపు వెనకే ఉన్నాయి.